లక్ష రూపాయల లెన్సుకి రెండు వందల అద్దమా?

సంపాదకులకు నమస్కారం.

మూఢం వెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే మా విశాఖలో కెమెరా దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది. పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు ఫైనాన్సు మీద కొత్త లెన్సులు తీసుకుంటారు. అరవై వేలు, ఎనభై వేలు, కొన్నయితే లక్షన్నర. బిల్లు అయ్యాక కౌంటర్‌లో ఉన్నాయన సొరుగులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, "యూవీ ఫిల్టర్, మా తరఫున ఫ్రీ, లెన్సుకి సేఫ్టీ" అంటూ తనే లెన్సు ముందు బిగించి చేతికిస్తాడు. కొన్నిచోట్ల ఫ్రీ కూడా కాదు, బిల్లులో రాయకుండా ఐదారు వందలు తీసుకుంటారు. ఆ అద్దం ఏమిటో, ఎందుకో, ఎప్పుడు తీసేయాలో ఎవరూ చెప్పరు. కొన్నవాళ్లు దాన్ని ఇక విప్పరు. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, వీలైతే కోత పెట్టకుండా వేయమని కోరుతున్నాను.

నేను లెన్సుల సర్వీసు చేస్తాను. మా నాన్న స్టూడియో నడిపిన గదిలోనే ఇప్పుడు నా పనిబల్ల. ముహూర్తాలు అయ్యాక వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "అక్కా, బొమ్మ పాలిపోతోంది, షార్ప్‌గా రావట్లేదు, లోపల ఏదో పోయింది, చూడండి." నేను లెన్సు విప్పకముందే ముందున్న ఫిల్టర్ విప్పిస్తాను. ఆ రోజు పేపరు గోడకు అంటించి, కెమెరా స్టాండు మీద పెట్టి, ఫిల్టర్‌తో ఒకటి, ఫిల్టర్ లేకుండా ఒకటి తీయిస్తాను. వరుడు కావలెను, ఇల్లు అద్దెకు కలదు అని ఉండే క్లాసిఫైడ్స్ పేజీ అయితే ఈ పరీక్షకు బాగా పనికొస్తుంది. సన్నటి అక్షరాలు కదా, తేడా దాగదు. 70-200 జూమ్ లెన్సును పూర్తిగా దగ్గరకు లాగి, అంటే 200 దగ్గర పెట్టి తీస్తే నాసిరకం ఫిల్టర్‌తో ఒత్తులు, దీర్ఘాలు అలుక్కుపోతాయి. ఫిల్టర్ తీసేస్తే ఫోన్ నంబర్లతో సహా చదువుకోవచ్చు. అద్దం రెండు ముఖాలూ సరిగ్గా సమాంతరంగా, చదునుగా సాన పట్టకపోతే జరిగేది ఇదే. కెమెరాతోపాటే వచ్చే 18-55 కిట్ లెన్సులో వెడల్పు ఫొటోలు తీసినప్పుడు ఈ లోపం పెద్దగా కనబడదు. దూరాన్ని దగ్గరకు లాగే లెన్సుల్లో మాత్రం తప్పకుండా బయటపడుతుంది. సర్వీసు ఛార్జీ తీసుకోకుండా పంపేస్తే కుర్రాడు సంతోషపడతాడు గానీ, అప్పటికే నాలుగు పెళ్లిళ్ల ఫొటోలు అలాగే తీసి ఆల్బమ్‌లకి ఇచ్చేసి ఉంటాడు. ఆ పెళ్లిళ్లు మళ్లీ జరగవు కదా. నా బాధ అది.

ఈ యూవీ ఫిల్టర్ అలవాటు ఫిలిం రోజుల నాటిది. ఫిలిం మీద పూత అతినీలలోహిత (యూవీ) కిరణాలకు కూడా స్పందించేది. అరకు కొండలను దూరం నుంచి తీస్తే నీలం మసక కమ్మేది. అందుకని యూవీ ఫిల్టరో, కొంచెం గులాబీ ఛాయ ఉండే స్కైలైట్ ఫిల్టరో పెట్టేవారు. నాన్న పెట్టెలో ఆ స్కైలైట్లు ఇంకా ఉన్నాయి. డిజిటల్ కెమెరాలో ఫిలిం బదులు వెలుగును పట్టే సెన్సర్ ముందే ఒక అద్దాల పొర ఉంటుంది, ఆ కిరణాలను అదే ఆపేస్తుంది. లెన్సులోని గాజు కూడా కొంత పీల్చుకుంటుంది. కాబట్టి ఇవాళ యూవీ అని రాసి ఉన్న ఫిల్టర్‌తో బొమ్మ మెరుగుపడుతుందని దుకాణంలో చెబితే నమ్మనక్కర్లేదు. ఇప్పుడు దానికి మిగిలిన పని కాపలా ఒక్కటే. ఆ పనికి ఏ రంగూ లేని ప్రొటెక్టర్ లేదా క్లియర్ ఫిల్టర్ చాలు. నికాన్ వాళ్లు దాన్నే ఎన్‌సీ అని అమ్ముతారు, కెనాన్ వాళ్లు ప్రొటెక్ట్ అంటారు, హోయా, కెంకో, మరుమి, బీ ప్లస్ డబ్ల్యూ లాంటి కంపెనీలకూ ఉన్నాయి.

మరి ఆ కాపలా అయినా అవసరమా అని అడిగితే, మా ఊళ్లో అవసరమే అంటాను. రుషికొండ, యారాడ, భీమిలి తీరాల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసేవాళ్లకు మరీ అవసరం. అలల మీద నుంచి వచ్చే తుంపర కంటికి ఆనదు. అరగంటలో లెన్సు ముందు అద్దం మీద సన్నటి పొరలా పేరుకుంటుంది, ఆరిపోయాక ఉప్పు రవ్వలు మిగులుతాయి. ఇసుక సరేసరి. తొందరలో చొక్కా అంచుతో తుడిచారంటే ఆ రవ్వలే గీతలు పెడతాయి. ఫిల్టర్ ఉంటే ఇంటికొచ్చి విప్పి, కొళాయి కింద పట్టి, అంట్ల సబ్బు నీళ్లు ఒక్క చుక్క వేసి కడుక్కోవచ్చు. లెన్సును కొళాయి కింద పట్టలేం కదా! ఫిల్టర్ వైపు నేను మొగ్గడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం. అదీగాక, కెనాన్ 16-35, 17-40 లాంటి కొన్ని ఎల్ సిరీస్ (ఖరీదైన రకం) లెన్సులకు దుమ్ము, తడి లోపలికి వెళ్లకుండా ఉండాలంటే ముందు ఫిల్టర్ బిగిస్తేనే ఆ రక్షణ పూర్తవుతుందని కంపెనీయే చెప్పింది. ఈ సంగతి ఆ లెన్సులు కొన్నవాళ్లకే చాలామందికి తెలియదు.

పెళ్లి మండపం సముద్రం కంటే తక్కువేమీ కాదు. తలంబ్రాల వేళ ఫొటోగ్రాఫర్ మూడడుగుల దూరంలో ఉంటాడు. బియ్యం, పసుపు, నెయ్యి, ముత్యాలు, ఇప్పుడు కొత్తగా థర్మోకోల్ గుళ్లు, అన్నీ వచ్చి లెన్సు మీదే పడతాయి. నెయ్యి అంటిన పసుపు పొడిగుడ్డతో పోదు, రుద్దేకొద్దీ అద్దమంతా పరుచుకుంటుంది. హోమం పొగలోని జిడ్డు దాని మీద ఇంకో పూత. హల్దీ ఫంక్షన్లలో పసుపు నీళ్లు బిందెలతో పోస్తున్నారు. వీటన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి మాత్రం వధూవరులు నడిచొచ్చేటప్పుడు రెండు పక్కలా నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ పైరో మెషీన్లు. పేరుకు చల్లని మంటే గానీ, పైకి లేచేది మండే లోహపు పొడి. దగ్గరగా నిలబడి తీసిన ఒకరి ఫిల్టర్‌ను భూతద్దం కింద పెట్టి చూశాను. గాజులో సూది మొనంత గుంటలు, ఒక్కొక్క గుంట అడుగున నల్లటి రవ్వ కరుచుకుని ఉంది, తుడిస్తే రాదు. అది లెన్సు ముందు అద్దమే అయ్యుంటే దాన్ని మార్చడానికి సర్వీసు సెంటరువాళ్లు వేల రూపాయలు అడుగుతారు, ఆ పార్టు వచ్చేసరికి ముహూర్తాలు దాటిపోతాయి.

ఇంత చెప్పాక కూడా, ఎప్పుడూ విప్పకుండా ఉంచుకోమని మాత్రం చెప్పను. ఫొటోగ్రాఫర్లలో ఫిల్టర్ అసలు వద్దనే పెద్దలు ఉన్నారు. వాళ్ల మాటలో నిజముంది. పూత లేని గాజు ఒక్కో ముఖం మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. రెండు ముఖాలు కలిపితే 8 శాతం. ఆ వెలుగు ఊరికే పోదు, సెన్సర్‌కూ ఫిల్టర్‌కూ మధ్య అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద తెల్లటి తెరలా పడుతుంది. చీకట్లో దీపాలుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రేములో ఎడమ పక్క పైన ఒక బల్బు వెలుగుతుంటే, సరిగ్గా దానికి ఎదురుగా కుడి పక్క కింద ఆకుపచ్చ రంగులో ఇంకో బల్బు తలకిందులుగా కనబడుతుంది. రాత్రి రిసెప్షన్‌లో పెళ్లికూతురి చెంప మీద ఆకుపచ్చ చుక్క ఎక్కడిదని ఒక తల్లిగారు ఫొటోగ్రాఫర్‌ని నిలదీస్తే అతను ఆ ఫొటో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వెనక సీరియల్ సెట్టు బల్బు అది. కార్తీకదీపాలు, దీపావళి, కైలాసగిరి మీద నుంచి రాత్రి ఊరి వెలుగులు, సూర్యుడికి ఎదురుగా ఉదయపు ఫొటోలు, వీటికి ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా విప్పి జేబులో వేసుకోవడమే మంచిది. తీశాక మళ్లీ పెట్టుకోవడానికి అర నిమిషం పడుతుంది.

ఫిల్టర్ వల్ల కాని పనులు కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికీ అదే రక్ష అని అమ్ముతున్నారు. కెమెరా చేయి జారి పడితే దెబ్బను తీసుకునేది లెన్సు హుడ్, అంటే లెన్సు ముందు బిగించే గొట్టంలాంటి తొడుగు. పలచటి ఫిల్టర్ అద్దం ఆ దెబ్బకు పగిలి, దాని ముక్కలే లెన్సును గీకిన సందర్భాలు నా బల్ల మీద చూస్తూనే ఉంటాను. ఈ కాలపు లెన్సుల ముందు గాజు మనం అనుకునేదానికంటే మందంగా, గట్టిగా ఉంటుంది. హుడ్ పక్క నుంచి వచ్చే వెలుగును కూడా ఆపుతుంది, పైగా లెన్సుతోపాటు డబ్బాలోనే వస్తుంది లేదా కొద్ది ఖర్చుతో దొరుకుతుంది. దాన్ని తిరగేసి బిగించుకుని తిరిగేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సంగీత్‌లలో డీజేలు తిప్పే లేజర్ కాంతి నేరుగా పడితే సెన్సర్ కాలిపోవచ్చు. దాన్ని ఏ క్లియర్ ఫిల్టరూ ఆపలేదు. సూర్యగ్రహణానికీ ఇదే మాట, దానికి వేరే సోలార్ ఫిల్టర్ ఉండాలి.

ఇక బూజు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. ఇళ్లన్నీ చెమ్మ. ఆ తర్వాత లెన్సులు సంచుల్లో పట్టుకొచ్చారు, లోపల సాలెగూడులా అల్లుకున్న బూజుతో. వాటిలో చాలావాటికి ముందు ఫిల్టర్ ఉంది. బూజుకు కావలసింది గాలిలో తేమ, చీకటి. ఫిల్టర్ దాన్ని ఆపకపోగా, తడి ఆరకుండా బిగిస్తే ఆ తడిని లోపలే పట్టి ఉంచుతుంది. మా తీర ప్రాంతంలో ఫిల్టర్ కొనడానికి పెట్టే డబ్బులో కొంత ముందు ఒక గాలి చొరని డబ్బాకూ, సిలికా జెల్‌కూ, వంద రెండొందల్లో వచ్చే తేమ మీటరుకూ పెట్టండి. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. అంత స్తోమత ఉన్నవాళ్లు తేమను తనే అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ తీసుకోవచ్చు.

ఇప్పుడు కొనడం గురించి. లెన్సు ముందు అంచు మీదో, మూత వెనకో సున్నాకు అడ్డగీత గీసిన గుర్తు పక్కన ఒక అంకె ఉంటుంది. 49, 52, 55, 58, 67, 77, 82 ఇలా. అదే ఫిల్టర్ సైజు, మిల్లీమీటర్లలో. చాలామంది 50 ఎం.ఎం. లెన్సు కదా అని 50 సైజు ఫిల్టర్ అడుగుతారు. ఆ 50 వేరు, ఈ అంకె వేరు. కెనాన్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎంకు పట్టేది 49. ముందు గాజు బుగ్గలా ఉబ్బి ఉండే నికాన్ పాత 14-24 లాంటి లెన్సులకు ముందు మరలే ఉండవు, వాటికి ఫిల్టర్ అంటగట్టాలని చూస్తే వద్దనండి. ఒకే పెద్ద ఫిల్టర్ కొని, సైజు సర్దే రింగులతో అన్ని లెన్సులకూ వాడుకోవచ్చని ఇంకో సలహా ఇస్తారు. వెలుగును తగ్గించే ఎన్‌డీ, మెరుపులను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్లకు అది మంచి ఉపాయమే. ఎప్పుడూ ఉండాల్సిన ప్రొటెక్టర్‌కు కాదు, ఎందుకంటే రింగు పెడితే హుడ్ పట్టదు. పోలరైజర్‌నే కాపలాకు వదిలేసేవాళ్లూ ఉన్నారు. అది సగానికి పైగా వెలుగును మింగేస్తుంది, ఫంక్షన్ హాల్లో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచుకుంటూ పోయి బొమ్మనిండా రవ్వల్లాంటి గ్రెయిన్ తెచ్చుకోవడమే అవుతుంది.

అద్దం నాణ్యత దుకాణంలోనే చూసుకోవచ్చు. ఫిల్టర్‌ను ట్యూబ్‌లైటు కింద పట్టి ఏటవాలుగా తిప్పండి. అందులో ట్యూబ్‌లైటు తెల్లగా, కళ్లు చెదిరేలా కనిపిస్తే పూత లేనట్టే. మల్టీకోటింగ్, అంటే వెలుగు వెనక్కి కొట్టకుండా వేసే పలు పొరల పూత, ఉన్నదానిలో అదే ట్యూబ్‌లైటు ఆకుపచ్చగానో, ఊదాగానో, బాగా మసగ్గా కనబడుతుంది. మంచి మల్టీకోటింగ్ ఉంటే వెనక్కి కొట్టే వెలుగు మొత్తం 1 శాతానికి లోపే. తర్వాత మీ కెమెరాకే బిగించి, మీ ఫోన్ టార్చి వెలిగించి ఫ్రేములో ఒక మూలకు పట్టి ఫొటో తీయండి. ఎదుటి మూలలో దాని ప్రతిబింబం ఎంత గట్టిగా వస్తుందో చూడండి. ఈ రెండు పరీక్షలకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి. వెడల్పు లెన్సులకు పలచటి రింగు ఉన్నది తీసుకోవాలి, లేకపోతే ఫొటో నాలుగు మూలలూ నల్లబడతాయి. రింగు ఇత్తడిదైతే మరలు అంత సులువుగా బిగుసుకుపోవు, నాసి అల్యూమినియం రింగులే పట్టుకుని కూర్చుంటాయి. అలా పట్టేసినప్పుడు దయచేసి పట్టకారు జోలికి వెళ్లొద్దు. వేళ్లతో నొక్కి తిప్పితే రింగు కోలగా అయి ఇంకా బిగుస్తుంది. హవాయి చెప్పు అడుగు శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఫిల్టర్ అంచు చుట్టూ సమానంగా ఆనించి నెమ్మదిగా తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. అద్దం పగిలి ఉంటే మాత్రం లెన్సును నేల వైపు వంచి, గాలి ఊదే బ్లోయర్‌తో ముక్కలు రాల్చాకే తిప్పాలి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. 77 సైజులో నమ్మదగిన మల్టీకోటెడ్ ఫిల్టర్‌కు మూడు నాలుగు వేలు అవ్వచ్చు, ఇంకా ఎక్కువవీ ఉన్నాయి. లక్ష రూపాయల లెన్సుకు, అదీ సముద్రం ఒడ్డున, మండపాల్లో పనిచేసేదానికి, అది పెట్టాల్సిన ఖర్చే. ఇంటర్ పాసైన పిల్లాడికి కొనిచ్చిన కెమెరాతోపాటు వచ్చిన కిట్ లెన్సుకు అంత పెట్టనక్కర్లేదు. దానికి హుడ్, మూత, ఒక బ్లోయర్, ఒక మైక్రోఫైబర్ గుడ్డ చాలు. డబ్బు లేకపోతే ఫిల్టర్ లేకుండా ఉండటమే మంచిది గానీ చెడ్డది పెట్టుకోవద్దు. ముందు గాజు మీద నాలుగు దుమ్ము రేణువులున్నా బొమ్మలో కనబడవు. ఫోన్ కెమెరాల మీద అతికించే అద్దాలకూ ఇదే వర్తిస్తుంది. ఫోన్ కెమెరాకు ముందే ఒక గట్టి గాజు ఉంటుంది. దాని మీద యాభై రూపాయల అద్దం అతికించాక రాత్రి ఫొటోల్లో లైట్లన్నీ చీలికలుగా వస్తున్నాయని ఫోన్ మార్చేద్దామనుకునేవాళ్లు ముందు అది పీకి చూడండి.

పెద్ద కంపెనీల పేర్లతో నకిలీ ఫిల్టర్లు కూడా తిరుగుతున్నాయి. డబ్బా మీద అక్షరాలు బాగానే ఉంటాయి, లోపల మామూలు కిటికీ అద్దం. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఎం.ఆర్.పి., తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, విదేశీ సరుకైతే ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. సొరుగులోంచి తీసిచ్చే డబ్బాల మీద ఇవేవీ ఉండవు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న వస్తువును తిరిగి ఇవ్వడానికి 30 రోజులుంటాయి. ఫిల్టర్‌ను లెన్సు బిల్లులోనే విడిగా ఒక వరుసలో, కంపెనీ పేరు, సైజుతో రాయించుకోండి. రాయనంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. తూనికలు, కొలతల శాఖవారు బంగారం దుకాణాలు, పెట్రోలు బంకులు చూసినట్టే కెమెరా దుకాణాల సొరుగులు కూడా ఒకసారి చూడాలని మనవి.

ఊరూరా ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఉన్నాయి. కొత్త కెమెరాలు వచ్చినప్పుడు హోటల్ హాలు తీసుకుని కంపెనీలవాళ్లతో డెమోలు పెట్టిస్తారు. అదే హాల్లో ఓ గంట, సభ్యులందరూ తమ లెన్సుల మీద ఉన్న ఫిల్టర్లు తెచ్చుకుని, టార్చితో, పేపరు పేజీతో పరీక్ష చేసుకునే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. పైసా ఖర్చు లేదు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో కొత్త ఫోన్ల మీద రాస్తున్నంత చోటులో సగం ఈ విషయానికి ఇస్తే పల్లెల్లో, మండల కేంద్రాల్లో పెళ్లిళ్లు తీసి బతికే కుర్రాళ్లకు ఉపయోగపడుతుంది. ఫిల్టర్ ఉన్న ఫొటో, లేని ఫొటో పక్కపక్కన వేసుకోవడానికి కావాలంటే నేను తీసి పంపగలను.

ఇట్లు,
లెన్సుల సర్వీసు చేసుకునే ఒక పాఠకురాలు,
విశాఖపట్నం.